కడప విమానాశ్రయం - ఖజానా పూచీ

మన జిల్లా విమానాశ్రయానికి వయసెంత అని అడిగితే ఇప్పటి పిల్లలు 2015 నుంచి లెక్కపెడతారు. అది టెర్మినల్ వయసు. రన్‌వే వయసు వేరు. కడపకు పడమరగా, యర్రగుంట్ల పోయే రోడ్డు వైపు, ఊరికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో విమానాలు దిగడానికి నేల చదును చేసి బాట వేసింది 1953లో. మన సంఘ సభ్యుల్లో చాలామంది అప్పటికి పుట్టనే లేదు, పుట్టినవాళ్లు పలక పట్టలేదు.

ఆ సంవత్సరాన్ని కొంచెం గుర్తుచేసుకుందాం. 1953 ఆగస్టు 1న దేశంలోని ప్రైవేటు విమాన కంపెనీలను కలిపివేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ ఏర్పాటు చేశారు. అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము. రాజధాని అయిన కర్నూలువారు ఓర్వకల్లు విమానాశ్రయం కోసం 2021 దాకా కాచుకోవలసి వచ్చింది. కడపకు మాత్రం రన్‌వే అప్పుడే వచ్చింది. అయితే రన్‌వే వచ్చింది గాని, దాని మీద రోజూ దిగే విమానం రాలేదు. ఆ విమానం ఎందుకు రాలేదు, వచ్చింది ఎందుకు ఆగింది, ఆగింది మళ్లీ ఎట్లా వచ్చింది అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న చరిత్ర. నేను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సబ్ ట్రెజరీలలో ఉద్యోగం చేసి మైదుకూరులో స్థిరపడినవాణ్ణి. ఎవరు కొబ్బరికాయ కొట్టారు అన్నదానికంటే బిల్లు ఎవరి ఖాతాలో పడింది అని చూడటం నాకు అలవాటు. మిత్రులు ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవగలరు.

విమానం దగ్గరికి పోయే ముందు కాలువ సంగతి చెప్పాలి. మన కె.సి. కెనాల్ పంటల కోసం మాత్రమే తవ్విన కాలువ కాదు. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లండు కంపెనీ 1863లో తుంగభద్ర మీద సుంకేసుల వద్ద పని మొదలుపెట్టినప్పుడు, పంటకు నీళ్లు, సరుకులకు పడవలు అనే రెండు ఆశలూ పెట్టుకుంది. కంపెనీకి లాభం వచ్చినా రాకపోయినా పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద నూటికి 5 చొప్పున వడ్డీ ఇస్తామని ప్రభుత్వం పూచీ పడింది. అంటే నష్టం వస్తే అది రైతు కట్టిన శిస్తులో నుంచి పోతుంది. కంపెనీ లెక్క తప్పింది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసింది. తరువాత తరువాత పడవలు ఆగిపోయాయి. నీళ్లు మిగిలాయి. ఆ నీళ్లతోనే దువ్వూరు, మైదుకూరు, ఖాజీపేట పొలాలు పండుతున్నాయి. రవాణా కోసం అనుకున్నది రవాణాకు కాకుండా ఇంకొకదానికి పనికి వచ్చింది.

రైలు కథ కూడా పూచీతోనే మొదలయింది. మద్రాసు రైల్వే కంపెనీకి అదే 5 శాతం వడ్డీ హామీ. ఆ కంపెనీ వేసిన మార్గం కడప, కమలాపురం, యర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. వాళ్ల చూపు మద్రాసు మీద, బొంబాయి మీద. నడుమ ఉన్న ప్రొద్దుటూరు ఎంత వ్యాపార కేంద్రమైనా, పత్తికి, బంగారానికి ఎంత పేరున్నా, అక్కడి షావుకారు యర్రగుంట్లలో దిగి బండి మాట్లాడుకోవలసిందే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాలకు రైలుమార్గం పూర్తయి ప్రయాణికుల బండి నడిచింది 2016 ఆగస్టులో. నూటనలభై అయిదేండ్లు పట్టింది. మైదుకూరుకు రైలు ఇప్పటికీ లేదు. అయినా మనకు నాలుగు రోడ్ల కూడలి ఉంది. కర్నూలు - కడప రోడ్డు, ప్రొద్దుటూరు - బద్వేలు రోడ్డు మన ఊళ్లోనే కలుస్తాయి. అందుకే మైదుకూరు మనిషి రైలు కోసం ఎన్నడూ పెద్దగా ఏడవలేదు. బస్సు ఎక్కాడు.

ఇక విమానం. 1953లో వేసిన రన్‌వే చాలాకాలం పాటు పెద్దల రాకపోకలకు తప్ప మామూలు జనానికి అక్కరకు రాలేదు. మాబోటివాళ్లం యర్రగుంట్ల బస్సులో పోతూ కిటికీలో నుంచి ఆ వైపు చూసి, "అదిగో ఇమానాల బయలు" అని ఒకరికొకరు చూపించుకున్నదే మాకు దానితో ఉన్న సంబంధం. 1981 జనవరిలో వాయుదూత్ సంస్థ పుట్టింది. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండూ కలిసి ఈశాన్య రాష్ట్రాల చిన్న ఊళ్ల కోసం పెట్టిన సంస్థ అది. తరువాత దాన్ని దేశంలోని ఇతర చిన్న పట్టణాలకు కూడా విస్తరించారు. కాన్పూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారుచేసిన డార్నియర్ విమానాలు, 19 సీట్లవి, అందుకు వాడారు. ఆ 1980లలోనే కడప పేరు కూడా వాయుదూత్ పట్టికలోకి ఎక్కింది. ఎక్కువ కాలం నిలవలేదు. 19 సీట్ల విమానానికి కూడా ఇద్దరు పైలట్లు కావాలి, రన్‌వే కావాలి, ఫైరింజన్ కావాలి. ఖర్చును పంచుకునేవాళ్లు మాత్రం 19 మందే. సీట్లు నిండకపోతే ఇంకా తక్కువ. దేశమంతటా ఇదే కథ కావడంతో 1993లో వాయుదూత్‌ను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు.

ఇక్కడ జమ్మలమడుగు సంగతి ఒకటి చెప్పాలి, చాలామంది మరచిపోయారు. 2007 జూన్ 10న అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు జమ్మలమడుగు దగ్గర బ్రాహ్మణీ స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన భూమితోపాటు విమానాశ్రయం కోసమని కూడా వేరుగా భూమి కేటాయించారు. ఫ్యాక్టరీ రాలేదు, విమానాశ్రయమూ రాలేదు, కేటాయింపు రద్దయింది. ఆ తరువాత ఆ తాలూకాలో ఉక్కు ఫ్యాక్టరీకి 2018 డిసెంబరులో ఒకసారి, 2019 డిసెంబరులో ఒకసారి, 2023 ఫిబ్రవరిలో ఇంకొకసారి పునాదిరాళ్లు వేశారు. ముగ్గురు ముఖ్యమంత్రులు, నాలుగు రాళ్లు. ఆ ఫ్యాక్టరీ లేచి ఉంటే కడప విమానం సీట్లకు వెతుకులాట ఉండేది కాదని నా అభిప్రాయం. విమానాశ్రయాన్ని నిలిపేది దాని వెనుక ఉన్న పని. ఇంజనీర్లు, కొనుగోలుదార్లు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్లు వారం వారం తిరగాలి. పెళ్లికో చావుకో వచ్చేవాళ్లతో విమానం నడవదు.

కడప పాత రన్‌వేను బాగుచేసి, కొత్త టెర్మినల్ కట్టి, 2015 జూన్ 7న ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు గారు ప్రారంభించారు. బెంగుళూరుకు చెందిన ఎయిర్ పెగాసస్ అనే కొత్త కంపెనీ ఎ.టి.ఆర్. విమానంతో బెంగుళూరు - కడప సర్వీసు మొదలుపెట్టింది. ఎ.టి.ఆర్. అంటే రెక్కలకు పంకాలున్న విమానం, డెబ్బై మందికి అటు ఇటుగా పడుతుంది, పొట్టి రన్‌వే చాలు, ఇంధనం తక్కువ తాగుతుంది. చిన్న ఊళ్లకు అదే తగిన బండి. కాని కంపెనీ కూడా చిన్నదే అయింది. 2016 జూలైలో దాని విమానాలన్నీ ఆగిపోయాయి. దానితో కడప టెర్మినల్ మళ్లీ ఖాళీ పడింది.

ఇప్పుడు ఖజానా రంగంలోకి వచ్చింది. కేంద్రం 2016 అక్టోబరులో ఉడాన్ పథకం ప్రకటించింది. ఇది ఎట్లా పనిచేస్తుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే మన దగ్గర చాలామంది దీన్ని ఉచిత పథకం అనుకుంటున్నారు. పథకం ప్రకటించినప్పటి నిబంధన ప్రకారం ఒక గంట ప్రయాణానికి సుమారు రూ.2,500 మించకుండా, విమానంలో దాదాపు సగం సీట్లు అమ్మాలి. ఆ ధరకు అమ్మితే కంపెనీకి ఖర్చు గిట్టదు. గిట్టని భాగాన్ని మూడేండ్ల పాటు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. భర్తీలో 80 శాతం కేంద్ర నిధి నుంచి, 20 శాతం రాష్ట్రం నుంచి. కేంద్ర నిధికి డబ్బు ఎక్కడిది? ఢిల్లీ, బొంబాయి వంటి పెద్ద మార్గాల్లో తిరిగే విమానాల మీద వేసే ప్రత్యేక సుంకం నుంచి. ఇవిగాక, రాష్ట్రం విమాన ఇంధనం మీద వ్యాట్‌ను 1 శాతానికి తగ్గించాలి. పోలీసు భద్రత, అగ్నిమాపక సేవ ఉచితంగా ఇవ్వాలి. కరెంటు, నీళ్లు తక్కువ ధరకు ఇవ్వాలి. మూడేండ్లపాటు ఆ మార్గంలో ఆ కంపెనీకే ప్రత్యేక హక్కు ఉంటుంది.

1863లో కాలువ కంపెనీకి ఇచ్చిన 5 శాతం పూచీకి, దీనికి తేడా ఏమిటి అని ఒక మిత్రుడు అడిగాడు. నా దృష్టిలో ఒక పెద్ద తేడా ఉంది. అప్పటి పూచీ భారం మన రైతు మీద పడింది. ఇప్పటి పూచీకి మూడేండ్ల గడువుంది, భారంలో పెద్ద భాగం పెద్ద నగరాల ప్రయాణికుల మీద పడుతుంది. ఇది మనం కనిపెట్టిన పద్ధతీ కాదు. అమెరికాలో 1978లో విమాన కంపెనీల మీద ప్రభుత్వ అదుపు ఎత్తివేసినప్పుడు, చిన్న ఊళ్లకు సర్వీసులు ఆగిపోతాయని భయపడి ఇటువంటి భర్తీయే పెట్టారు. కొద్ది ఏండ్ల కోసమని పెట్టింది అక్కడ నేటికీ నడుస్తూనే ఉంది.

2017 ఏప్రిల్ 27న ప్రధాని నరేంద్ర మోడీ గారు సిమ్లాలో ఉడాన్ తొలి విమానాన్ని ప్రారంభిస్తూ, అక్కడి నుంచే వీడియో ద్వారా కడప - హైదరాబాదు, నాందేడ్ - హైదరాబాదు సర్వీసులను కూడా ప్రారంభించారు. దేశం మొత్తంలో ఉడాన్ కింద ఎగిరిన మొట్టమొదటి మార్గాల్లో మన కడప ఒకటి. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉండదు, మనమైనా రాసిపెట్టుకోవాలి. నడిపింది హైదరాబాదు కంపెనీ ట్రూజెట్. ఆ తరువాత చెన్నైకి కూడా నడిపింది.

2018లో మా ఇంటావిడ కంటి పరీక్షకు హైదరాబాదు పోవలసివచ్చి నేనూ మొదటిసారి ఆ విమానం ఎక్కాను. పక్క సీట్లో డెబ్బై దాటిన ఒక అవ్వ. కమలాపురం వైపు పల్లెటామె. కొడుకు టిక్కెట్టు పంపాడట. విమానం లేచిన తరువాత నా చేయి పట్టుకుని, "నాయనా, ఇది కూడా కర్నూలు మీదనే పోతాదా?" అని అడిగింది. గంటసేపట్లో దిగాము. ఆ రాత్రి లెక్క వేసి చూసుకున్నాను. మైదుకూరులో ఇల్లు వదిలి విమానాశ్రయం చేరడానికి గంటన్నర. విమానానికి ముందు కనీసం గంటసేపు అక్కడ ఉండాలి. ఆకాశంలో ఒక గంట. శంషాబాదులో దిగి సామాను తీసుకుని ఊళ్లోకి చేరడానికి ఇంకో గంటన్నర. మొత్తం అయిదు గంటలు.

ఇక్కడే మనకూ కడపవాళ్లకూ తేడా. హైదరాబాదు బస్సులు కడప నుంచి మన మైదుకూరు మీదుగానే పోతాయి. నాలుగు రోడ్ల దగ్గర రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి నగరంలో ఉంటాము. విమానం ఎక్కాలంటే మాత్రం హైదరాబాదుకు వీపు పెట్టి సుమారు 40 కిలోమీటర్లు దక్షిణానికి, కడపకు పోయి, అక్కడి నుంచి మళ్లీ పడమరకు తిరగాలి. పులివెందులవాళ్లకు బెంగుళూరు కదిరి మీదుగా రోడ్డున దగ్గర. వాళ్లు కడపకు వచ్చి బెంగుళూరు విమానం ఎక్కడంలో మిగిలేది ఏమీ లేదు. ప్రొద్దుటూరువాళ్లకు మాత్రం యర్రగుంట్ల రోడ్డు విమానాశ్రయం పక్కనుంచే పోతుంది గనుక కడప ఊళ్లోకి పోనక్కరలేదు. బంగారు వ్యాపారులకు, వస్త్ర వ్యాపారులకు చెన్నై పని ఒక్క పగలులో ముగించుకోవడం లాభమే. అంటే ఒకే విమానాశ్రయం నాలుగు ఊళ్లకు నాలుగు రకాలుగా దగ్గర, నాలుగు రకాలుగా దూరం. "జిల్లాకు విమానం వచ్చింది" అని ఒక్కమాటలో చెప్పేవాళ్లు ఈ తేడా చూడరు.

అందరికీ సమానంగా పనికివచ్చేది విజయవాడ మార్గమని నేనంటాను. 2014లో రాష్ట్రం విడిపోయి, 2016లో సచివాలయం వెలగపూడికి తరలిపోయిన తరువాత ఉద్యోగికి గాని, కాంట్రాక్టరుకు గాని, పెన్షను కాగితాలు పట్టుకుని తిరిగే మనబోటివాళ్లకు గాని ఆ వైపు పోవడం కష్టమైంది. హైదరాబాదుకున్నన్ని బస్సులు అటు లేవు. ఒక ఫైలు కోసం రెండు రాత్రులు బస్సులో గడిపిన సభ్యులు మన సంఘంలోనే ఉన్నారు.

రైతుకు ఏమి ఒరిగింది? మన వైపు పసుపుకు మైదుకూరు రకం అని వ్యవసాయ శాస్త్రంలోనే పేరుంది. కె.పి. ఎర్రగడ్డలు మలేసియా, సింగపూరు దాకా పోయిన సరుకు. ఖాజీపేట రైతు ఒకాయన టెర్మినల్ ఫోటో పేపర్లో చూసి, "సార్, మా గడ్డలు ఎన్ని మూటలు పడతాయి దాంట్లో?" అని అడిగాడు. ఎ.టి.ఆర్. మొత్తం ఎత్తేదే మనుషులు, సామాను కలిపి ఏడు టన్నుల చిల్లర. ఒక లారీ అంతకంటే ఎక్కువ తీసుకుపోతుంది. గడ్డలు లారీలో చెన్నై పోయి ఓడ ఎక్కవలసిందే. ఆయన నవ్వి, "అయితే అది మాది గాదులే" అన్నాడు.

రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల నుంచి కువైట్ పోయినవారి సంగతీ అంతే. విమానాల్లో మన వైపు అందరికంటే ఎక్కువ తిరిగినవాళ్లు వాళ్లే. కాని పెట్టెలు, దుప్పట్లు, టీవీలు కట్టుకుని వచ్చేవాళ్లకు దేశీయ విమానంలో అనుమతించే 15 కిలోలు ఏ మూలకు? వాళ్లు చెన్నైలోనో బెంగుళూరులోనో దిగి, ఇంటిల్లిపాదీ ఎదురుపోయిన సుమోలో వస్తారు. ఆ ఎదురుపోవడంలో ఉన్న సంబరం వేరు.

విమానాశ్రయం చుట్టుపక్కల కనిపించే మార్పు కొంత ఉంది. టాక్సీలు, సామాను మోసేవాళ్లు, కాపలా, పారిశుద్ధ్యం పనులు కొన్ని కుటుంబాలకు దొరికాయి. ఒక నిబంధన కూడా వచ్చిపడింది. విమానాలు దిగే దారిలో ఎత్తయిన కట్టడం కట్టాలంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి కావాలి. ప్లాట్లు కొన్నవాళ్లు ముందే విచారించుకోవడం మంచిది.

2020 మార్చి చివర కరోనా వల్ల దేశమంతా విమానాలు రెండు నెలలు ఆగాయి. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ తన సర్వీసులు ఆపివేసింది. మూడోసారి కూడా ఖాళీయే అనుకున్నాము. ఈసారి రాష్ట్ర ప్రభుత్వం చొరవతో ఇండిగో వచ్చి 2022 మార్చి 27 నుంచి ఎ.టి.ఆర్. విమానాలు నడిపింది. హైదరాబాదు, చెన్నై, విజయవాడ మార్గాలు మళ్లీ తెరుచుకున్నాయి. వాయుదూత్, ఎయిర్ పెగాసస్, ట్రూజెట్, ఇండిగో. ఏడు దశాబ్దాల్లో నాలుగు పేర్లు. మొదటి మూడూ ఆగింది కడపలో జనం ఎక్కకపోవడం వల్ల మాత్రమే కాదు, ఆ కంపెనీలే నిలవలేదు. నాలుగోది దేశంలో అతి పెద్ద కంపెనీ. ఒక మార్గంలో నష్టం వస్తే మోసుకోగల శక్తి దానికి ఉంది. మోసుకోవాలన్న అవసరం మాత్రం దానికి లేదు. అందుకే ఖజానా పూచీ ఉండాలని నేనంటాను. కాని ఏటా ఎంత ఇచ్చారు, ఎన్ని సీట్లు నిండాయి అన్నది జిల్లా ప్రజలకు తెలిసేటట్లు ప్రకటించాలి. ట్రెజరీలో ఒక్క రూపాయి బిల్లుకైనా వోచరు అడిగినవాళ్లం మనం. దీనికీ అడగాలి.

2024 మార్చి 10న ప్రధాని ఆజంగఢ్ నుంచి వీడియో ద్వారా కడప, హుబ్బళ్లి, బెళగావి విమానాశ్రయాలకు కొత్త టెర్మినల్ భవనాల శంకుస్థాపన చేశారు. అంటే 1953 రన్‌వే పక్కన 2015 టెర్మినల్, దానికి తోడు ఇంకొక పెద్ద టెర్మినల్. భవనం పెద్దది కావడం సంతోషమే. మైదుకూరు బస్టాండులో "విమానాశ్రయం" అని బోర్డు పెట్టుకున్న బస్సు మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. మైదుకూరులో బయలుదేరి ప్రొద్దుటూరు, యర్రగుంట్ల మీదుగా విమానాశ్రయం గేటు దాకా, విమానాల వేళలకు సరిపోయేటట్లు రోజుకు రెండు ట్రిప్పులు వేస్తే మూడు ఊళ్లవాళ్లు టాక్సీ ఖర్చు లేకుండా పోయి రాగలరు. ఈ మేరకు ఆర్.టి.సి.కి ఇవ్వవలసిన విజ్ఞప్తి ఒకటి రాసి కార్యదర్శి గారికి అందజేశాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు వస్తుంది. పోయి వచ్చిన అనుభవం ఉన్న సభ్యులు వేళల వివరాలతో రావలసిందిగా కోరుతున్నాను.